చల్లబడ్డ ఆవిరి ఇంజన్‌ను మళ్లీ రాజేయడం: రేవారి షెడ్డులో పని వరుస

రేపు ఉదయం తొమ్మిదింటికి ఆవిరి ఇంజను షెడ్డు గేటు దాటాలంటే దాని పొయ్యిలో మొదటి నిప్పు ఈ రోజే పడాలి. కరెంటు లోకోకి పాంటోగ్రాఫ్ ఎత్తితే చాలు, డీజిల్ లోకోకి మీట నొక్కితే చాలు. ఆవిరి ఇంజను దగ్గర మాత్రం రాత్రంతా ఎవరో ఒకరు కాపలా కూర్చోవాలి. ఆ కాపలా ఎలా కాయాలో తెలిసిన చోట్లు దేశంలో కొన్నే మిగిలాయి. హర్యానాలోని రేవారి లోకో షెడ్డు వాటిలో ముఖ్యమైనది.

ఢిల్లీ నుంచి రేవారికి మీటర్‌గేజ్ లైను 1873లో పడింది. ఇరవై ఏళ్లకు, 1893లో, ఇక్కడ ఇంజన్ల షెడ్డు కట్టారు. సికింద్రాబాద్‌లోని మన లాలాగూడ రైల్వే వర్క్‌షాపు పుట్టిందీ అదే ఏడు. రెండింటి పని మాత్రం వేరు. వర్క్‌షాపులో ఇంజన్‌ని చక్రాల మీంచి లేపి, విప్పదీసి, మళ్లీ కడతారు. షెడ్డు దాని రోజువారీ సంసారం చూస్తుంది: బొగ్గు, నీళ్లు, బూడిద ఎత్తడం, బాయిలర్ కడగడం, చిన్నాచితకా మరమ్మతు. ఆవిరి వర్క్‌షాపులు పోయాక ఈ తేడా నిలవలేదు. షెడ్డే చిన్న వర్క్‌షాపు అవతారం ఎత్తక తప్పలేదు. 1990లలో మీటర్‌గేజ్ పోయి ఆవిరి కాలం ముగిసినప్పుడు రేవారి కూడా మూతపడింది. బ్రాడ్‌గేజ్ మీద రోజువారీ ఆవిరి రైలు చివరిసారి నడిచింది 1995 డిసెంబరు 6న, జలంధర్, ఫిరోజ్‌పూర్ మధ్య. రేవారి షెడ్డును 2002లో వారసత్వ షెడ్డుగా మళ్లీ తెరిచారు, 2010లో మ్యూజియం హంగులు సమకూర్చారు. ఇవాళ అక్కడ ఇంజన్లు అద్దాల వెనక బొమ్మల్లా ఉండవు. రాజేస్తారు, నడుపుతారు, ప్రత్యేక రైళ్లకీ సినిమా షూటింగులకీ పంపుతారు.

అక్కడున్న పెద్ద ఇంజన్లలో డబ్ల్యూపీ తరగతివి, అంటే బ్రాడ్‌గేజ్ మీద ప్రయాణికుల రైళ్లు లాగేవి, ముఖ్యం. బాల్డ్‌విన్ కంపెనీ 1947లో కట్టిన 7200 నంబరు ‘ఆజాద్’, చిత్తరంజన్‌లో 1965లో కట్టిన 7161 నంబరు ‘అక్బర్’ ఈ తరగతివే. మూతి మీద నక్షత్రం ఉండే ఈ తరగతి ఇంజన్లు మొత్తం 755 తయారయ్యాయి. దక్షిణ మధ్య రైల్వేలో మెయిళ్లూ ఎక్స్‌ప్రెస్‌లూ లాగింది ఎక్కువగా ఇవే కాబట్టి విజయవాడ, కాజీపేట షెడ్లలో పనిచేసినవాళ్లకి వీటి గుణం తెలుసు. కింద రాసిన వరుస అంతా డబ్ల్యూపీ బాయిలర్‌ని మనసులో పెట్టుకుని రాసింది. పని పీడనం చదరపు సెంటీమీటరుకు 14.8 కిలోలు (పాత లెక్కలో చదరపు అంగుళానికి 210 పౌండ్లు), పొయ్యిలో బొగ్గు మండే జల్లెడ వైశాల్యం 4.3 చదరపు మీటర్లు.

ముందుగా ఒక మాట. ఇది చదివి ఇంజన్ ఎక్కి నిప్పు పెట్టేయడం కుదరదు. బాయిలర్ పరీక్ష పాసయిన ఇంజను, అనుమతి ఉన్న మనిషి, పక్కన మరో మనిషి, ఈ మూడూ లేకుండా ఎవరూ ఈ పని చేయరు. షెడ్డు చూడటానికి వెళ్లేవాళ్లకి ఏది ఎందుకు జరుగుతోందో అర్థం కావడానికీ, ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్లకి మొదటి పాఠంగానూ ఇది పనికొస్తుంది.

నిప్పుకి ముందు

మొదట చూడాల్సింది స్మోక్‌బాక్స్, అంటే ఇంజన్ ముందు భాగంలో పొగగొట్టం కింద ఉండే పొగ గది. ముందు తలుపు తెరిచి మసీ బూడిదా మొత్తం ఎత్తేయాలి. పొయ్యిలోంచి వేడి పొగని బాయిలర్ నీళ్ల గుండా ఇక్కడికి తెచ్చే ట్యూబుల చివర్లలో తడి, తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తే అక్కడ కారుతోందన్నమాట. తలుపు మూసేటప్పుడు అంచు చుట్టూ గాలి చొరబడే సందు ఉండకూడదు. ఇక్కడ గాలి దూరితే రెండు నష్టాలు. పొయ్యిలోంచి గాలిని లాగాల్సిన పీల్పు తగ్గి నిప్పు మందగిస్తుంది. పైగా స్మోక్‌బాక్స్‌లో పేరుకున్న బొగ్గు రవ్వలు అక్కడే అంటుకుని తలుపు రేకు వంకర పోతుంది. ‘ఈ ఇంజను ఆవిరి సరిగ్గా చేయట్లేదు’ అన్న ఫిర్యాదు చాలాసార్లు ఈ తలుపు దగ్గరే తేలిపోతుంది.

తర్వాత ఫైర్‌బాక్స్, అంటే పొయ్యి. టార్చిలైటుతో లోపలికి దూరి ఇటుకల కమాను పడిపోలేదని, జల్లెడ ఊచలు అన్నీ ఉన్నాయని, స్టే బోల్టుల తలలు కరిగిపోలేదని చూడాలి. పైకప్పు రేకులో ఉండే లెడ్ ప్లగ్‌ని చేత్తో తుడిచి మరీ చూడాలి. దాని నడుమ ఉన్న సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది. నిండు పీడనంలో బాయిలర్ నీళ్లు దాదాపు 200 డిగ్రీలు ఉంటాయి కాబట్టి పైకప్పు మీద నీళ్లున్నంతసేపూ సీసానికి ఏమీ కాదు. నీళ్లు పైకప్పు కిందికి దిగితే కాసేపట్లోనే సీసం కరిగి, ఆ కన్నంలోంచి ఆవిరి బుస్సున నిప్పు మీదికి వస్తుంది. అది నిప్పు ఆర్పడానికి కాదు, మనిషిని హెచ్చరించడానికి. ప్లగ్ కరిగించడం పాత షెడ్లలో డ్రైవర్‌కీ ఫైర్‌మన్‌కీ తలవంపు. గార పట్టిన ప్లగ్ వేళకు కరగకపోవచ్చు, అందుకే గడువు ప్రకారం మార్చేస్తారు.

బాయిలర్‌లో నీళ్లు, వాటి మట్టం చూపించే గేజ్ గ్లాసులో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటే చాలు. నిండా పోయాలనిపిస్తుంది, పోయకూడదు. 30 డిగ్రీల నీళ్లు 200 డిగ్రీలకు వెళ్లేసరికి సుమారు 15 శాతం ఉబ్బుతాయి. ముందే ముప్పాతిక గ్లాసు పోస్తే తెల్లారేసరికి గ్లాసు పైకి దాటిపోయి, నీటి మట్టం ఎక్కడుందో తెలియకుండా పోతుంది. రెండు గేజ్ గ్లాసులూ ఒకే మట్టం చూపించాలి. చూపించకపోతే ఒకదాని కాక్ మూసుకుపోయి ఉంటుంది. కింది కాక్, పై కాక్, డ్రెయిన్ మూడూ ఒక్కొక్కటిగా తెరిచి మూసి దారి శుభ్రంగా ఉందని తేల్చుకోవాలి. గ్లాసులో నీళ్లు కనిపించినంత మాత్రాన బాయిలర్‌లోనూ అంతే ఉన్నాయని నమ్మడం ఈ వృత్తిలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు. కింది కాక్ గారతో మూసుకుపోయిన గ్లాసు పాత మట్టాన్నే చూపిస్తూ కూర్చుంటుంది.

ఇక ఇంజన్‌ని కట్టేయడం. సిలిండర్లకి ఆవిరి వదిలే రెగ్యులేటర్ పూర్తిగా మూయాలి, ఇంజను ముందుకా వెనక్కా అన్నది తేల్చే రివర్సర్ నడిమి గీత మీద ఉండాలి, సిలిండర్ డ్రెయిన్ కాక్‌లు తెరిచి ఉండాలి, బొగ్గూ నీళ్లూ మోసే టెండర్ హ్యాండ్‌బ్రేకు బిగించాలి, చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టాలి. అయిదూ కావాలి. రెగ్యులేటర్ వాల్వు కొద్దిగా కారినా అర్ధరాత్రి పీడనం పెరిగాక ఆవిరి సిలిండర్లలోకి చేరి, మనిషి లేని ఇంజను తనంతట తాను కదిలిపోతుంది. ఆవిరి కాలంలో షెడ్డు గోడలు పగలగొట్టుకుని బయటికి వచ్చిన ఇంజన్ల కథలు చాలావాటికి మూలం ఇదే.

నిప్పు

జల్లెడ మీద పిడికెడు సైజు బొగ్గు పది సెంటీమీటర్ల మందాన సమంగా పరవాలి. 4.3 చదరపు మీటర్ల జల్లెడకి ఇది సుమారు 350 కిలోలు అవుతుంది. తలుపు దగ్గర కొంత మేర ఖాళీ వదిలి అక్కడ ఎండు కట్టెల్ని అడ్డదిడ్డంగా, గాలి ఆడేలా పేర్చాలి. వాడేసిన నూనెలో తడిపిన కాటన్ వేస్ట్ ముద్దలు నాలుగైదు వెలిగించి పారతో కట్టెల మీదికి విసరాలి. పెట్రోలు, డీజిల్ లోపల పోయడం ఘోరం. ఆవిరైన ఇంధనం ఫైర్‌బాక్స్‌లో నిండి, నిప్పు తగలగానే తలుపులోంచి మంట మొహం మీదికి కొడుతుంది. పచ్చి కట్టెలు పెడితే పల్లెటూరి పొయ్యిలో ఏమవుతుందో ఇక్కడా అదే: పొగ, కళ్ల మంట, ట్యూబుల్లో జిగురు మసి.

చల్లటి ఇంజన్‌కి పొగ లాగే శక్తి ఉండదు. నడిచే ఇంజన్‌లో సిలిండర్లలోంచి వచ్చే ఆవిరి పొగగొట్టంలో పీల్పు పుట్టిస్తుంది, ఆగిన ఇంజన్‌లో బ్లోయర్ ఆ పని చేస్తుంది. రెండూ ఆవిరితోనే. ఆవిరి లేని ఇంజన్‌కి షెడ్డులోని కంప్రెసర్ గాలినో, పక్కన ఆవిరి మీదున్న ఇంజన్ గొట్టాన్నో బ్లోయర్ లైనుకి కలుపుతారు. కలపగలిగినా మొదటి గంటల్లో కలపకపోవడమే మేలు. జల్లెడ కిందికి గాలి వదిలే డ్యాంపర్ అరచేయంత తెరిచి, కట్టెల నిప్పుని దాని మానాన మండనివ్వాలి.

ఎందుకంటే బాయిలర్ అంతా ఒకేసారి వేడెక్కదు. ఫైర్‌బాక్స్ రేకులూ ట్యూబులూ ముందు కాలతాయి. ట్యూబుల చుట్టూ నీళ్లు పట్టే బాయిలర్ పీపా అడుగున, ఫైర్‌బాక్స్ చుట్టూ అట్టడుగున ఉన్న నీళ్లు గంటల తరబడి చల్లగానే ఉంటాయి. ఉక్కు ప్రతి మీటరుకీ ప్రతి డిగ్రీకీ ఒక మిల్లీమీటరులో సుమారు 80వ వంతు సాగుతుంది. అయిదు మీటర్ల ట్యూబు తన చుట్టూ ఉన్న పీపాకన్నా 50 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే దానికన్నా 3 మిల్లీమీటర్లు పొడవవుతుంది. రెండు చివర్లూ ట్యూబ్ ప్లేట్లలో బిగించి ఉన్నాయి, సాగడానికి చోటు లేదు. అప్పుడు ట్యూబు ప్లేటుని తోస్తుంది, బిగింపు సడలుతుంది, కారడం మొదలవుతుంది. ఫైర్‌బాక్స్‌నీ పై పెంకునీ కలిపి పట్టుకునే స్టే బోల్టులు వంగి వంగి కొన్నాళ్లకు లోపలే పుటుక్కుమంటాయి. ఒక్కసారి తొందరపడితే ఇంజను ఏమీ అనదు. పది సార్లకి లెక్క కడుతుంది. వంద కిలోమీటర్ల వేగంతో పరిగెత్తడం కన్నా ఈ రాజేయడమే బాయిలర్ ఆయుష్షుని ఎక్కువ తింటుందని షెడ్డులో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు.

గంటకు 20 నుంచి 30 డిగ్రీలు పెరిగితే సరైన నడక. అంటే 30 నుంచి 200 డిగ్రీలకు ఆరు నుంచి ఎనిమిది గంటలు. వారాల తరబడి చల్లగా పడి ఉన్న ఇంజన్‌కైతే ముందురోజు చిన్న కట్టెల నిప్పు వేసి, గోరువెచ్చ చేసి వదిలి, అసలు నిప్పు రాత్రికి పెట్టడం ఇంకా మంచిది.

ఇక్కడ కొత్తవాళ్లని మోసం చేసేది ప్రెషర్ గేజ్. నీళ్లు మరిగేదాకా ముల్లు సున్నా మీదే ఉంటుంది. నాలుగు గంటలు బొగ్గు వేసినా కదలదు. ‘నిప్పు చాలట్లేదు’ అనుకుని పార మీద పార వేస్తారు, బ్లోయర్ తెరుస్తారు. నిజానికి లోపల సగం పని అయిపోయింది. 120 డిగ్రీల దగ్గర చదరపు సెంటీమీటరుకు ఒక కిలో, 143 దగ్గర మూడు, 170 దగ్గర ఏడు, 200కి కాస్త అటూ ఇటూగా నిండు పీడనం. చివరి ఏడెనిమిది కిలోలు ముప్పై డిగ్రీల్లోనే వచ్చేస్తాయి. అందుకే ముందు బద్ధకంగా ఉన్న ముల్లు చివర్లో పరిగెడుతుంది. ఎక్కువ బొగ్గు వేసి కూర్చున్న ఫైర్‌మన్‌కి అప్పుడు సేఫ్టీ వాల్వు చెవులు గింగిర్లెత్తేలా వాత పెడుతుంది.

ఆవిరి కనిపించాక

ఒకటి రెండు కిలోలు రాగానే బ్లోయర్ సన్నగా తెరవొచ్చు. గేజ్ గ్లాసుల్ని మళ్లీ ఊది చూడాలి, ఇప్పుడు పీడనం ఉంది కాబట్టి అసలు పరీక్ష ఇదే. బాయిలర్ కడగడానికి తీసే కడుగు ప్లగ్‌ల దగ్గర చెమ్మ ఉందేమో చూడాలి. చెమ్మ ఉంటే గుర్తు పెట్టుకోవాలి తప్ప పీడనం మీద పానా పట్టి బిగించకూడదు. మర అరిగి ఉంటే ప్లగ్ ఊడి తగిలిన మనిషి బతకడు.

మూడు నాలుగు కిలోల దగ్గర ఇంజెక్టర్లని పరీక్షించాలి. నిప్పు ఉన్న బాయిలర్‌లోకి నీళ్లు పంపే దారి అవే, రెండూ పనిచేయాలి. ఒకటే పనిచేస్తోందంటే ఇంజను బయటికి పోకూడదు. ఇంజెక్టర్ నీళ్లు ఎత్తకుండా కింద గొట్టంలోంచి వదిలేస్తుంటే ముందు దాన్ని తాకి చూడండి. కాలుతుంటే ఆవిరి కాక్ కారుతూ దాన్ని వేడెక్కించింది, చల్లటి నీళ్లు పోస్తే చాలాసార్లు దారికొస్తుంది. చల్లగానే ఉన్నా ఎత్తకపోతే టెండర్‌లో జల్లెడ మూసుకుపోయిందేమో, టెండర్ గొట్టంలో గాలి దూరుతోందేమో చూడాలి. రెండూ కాకపోతే లోపలి కోన్‌లకి గార పట్టింది, విప్పి శుభ్రం చేయాల్సిందే. అయిదారు కిలోలకు, బ్రేకు గొట్టంలోని గాలిని ఆవిరితో లాగేసే ఎజెక్టర్ తెరిచి వాక్యూమ్ బ్రేకు చూస్తారు. ముల్లు పాదరసం లెక్కలో 53 సెంటీమీటర్లు చూపించి అక్కడ నిలబడాలి.

ఈ లోపు నూనె పని నడుస్తుండాలి. యాక్సిల్ బాక్సులు, క్రాస్‌హెడ్లు, వాల్వు గేర్ కీళ్లు, రాడ్ల గ్రీజు నిపుల్స్ ఒక్కటీ వదలకుండా ఎడమ పక్క మొదలుపెట్టి చుట్టూ తిరిగి అక్కడికే రావాలి. సిలిండర్లకి వెళ్లే మెకానికల్ లూబ్రికేటర్‌ని చేత్తో యాభై అరవై సార్లు తిప్పితే తప్ప గొట్టాల్లో నూనె చివరిదాకా చేరదు. సిలిండర్ నూనె చిక్కటిది, బేరింగు నూనె పల్చటిది. డబ్బాలు తారుమారైతే పల్చటి నూనె సూపర్‌హీట్ ఆవిరి (బాయిలర్ దాటాక మళ్లీ వేడెక్కించిన ఆవిరి) వేడికి మాడి బొగ్గయి, పిస్టన్ రింగులు గాడిలో బిగుసుకుపోతాయి. అందుకే తెలివైన షెడ్లో డబ్బాలకి వేరే వేరే రంగులుంటాయి.

బొగ్గు గురించి కాస్త. మన దేశం బొగ్గులో బూడిద ఎక్కువ. ఎత్తుగా పోగేస్తే అడుగున బూడిద కరిగి జల్లెడ ఊచలకి చిట్టెంలా అతుక్కుంటుంది, గాలి ఆగిపోతుంది. పల్చగా, తరచుగా, వెనక మూలల్లోనూ పక్క గోడల వెంటా కాస్త ఎక్కువగా, నడుమ తక్కువగా వేయడం పద్ధతి. తలుపు తెరిచినప్పుడు ఎక్కడ తెల్లగా మెరిసిపోతోందో అక్కడ పలచబడిందని అర్థం, తర్వాతి పార అక్కడికే. పొగగొట్టం చూసి కూడా చెప్పొచ్చు. లేత బూడిద రంగు పొగ అంటే సరిగ్గా మండుతోంది. నల్లటి పొగ ఫోటోల్లో బాగుంటుంది, అది వృథాగా పోతున్న బొగ్గు. షూటింగువాళ్లు అదే కావాలంటారు, ఫైర్‌మన్ మొహం చిట్లిస్తాడు.

మొదటి కదలిక

దిమ్మలు తీశాక, విజిల్ వేసి, డ్రెయిన్ కాక్‌లు తెరిచే ఉంచి, రెగ్యులేటర్‌ని సన్నటి సందు మేర మాత్రమే తెరవాలి. చల్లటి సిలిండర్లలో చేరిన ఆవిరి నీళ్లయిపోతుంది. నీళ్లు నలగవు. కాక్‌లు మూసి ఒక్కసారి కదిలిస్తే పిస్టన్ ఆ నీళ్లని మూతకేసి కొడుతుంది, పోత ఇనుప మూత రెండు ముక్కలవుతుంది. డబ్ల్యూపీ సిలిండర్ మూత దుకాణంలో దొరికేది కాదు. నమూనా చెక్కించి, పోత పోయించి, తరిణె పట్టించాలి. కాక్‌ల నుంచి తెల్లటి జల్లు పోయి పొడి ఆవిరి వచ్చాకే, అంటే చక్రం కొన్ని చుట్లు తిరిగాకే, మూయాలి.

ఇంజను బయల్దేరేటప్పుడు పక్కల నుంచి చిమ్మే ఆ ఆవిరి మేఘం చూసేవాళ్లకి ఆడంబరంలా కనిపిస్తుంది. దానికి దూరంగా నిలబడండి. అందులో మరుగు నీళ్లుంటాయి.

పని అయ్యాక

బూడిద గుంట మీద నిప్పు దించి, జల్లెడ కింద బూడిద పట్టే యాష్‌పాన్ ఖాళీ చేయాలి. దించే ముందే బాయిలర్‌ని ఇంజెక్టర్‌తో గ్లాసు పైదాకా నింపాలి, చల్లారుతూ నీళ్లు కుంచించుకుపోతాయి కాబట్టి. డ్యాంపర్లు మూసి, పొగగొట్టానికి రేకు మూత పెట్టాలి. మూత మరిస్తే రాత్రి చల్లగాలి ట్యూబుల గుండా లాక్కుపోయి, పొద్దున తొందరగా రాజేసిన దానికన్నా ఎక్కువ హాని చేస్తుంది. కడగాలంటే కనీసం ఒక రోజు ఆగాలి. వేడి బాయిలర్‌లోకి చల్లటి గొట్టం నీళ్లు కొట్టడం ట్యూబ్ ప్లేటుకి పగులు పిలిచి తెచ్చుకోవడమే. కడిగేటప్పుడు ఫైర్‌బాక్స్ అడుగు చుట్టూ ఉన్న ప్లగ్‌లన్నీ తీయాలి, బురదంతా అక్కడే దిగుతుంది. బయటికొచ్చే నీళ్లు తేటగా అయ్యేదాకా కాదు, ఊచతో గెలికితే ఏమీ రాలనంతదాకా కడగాలి.

నెలల తరబడి వాడని ఇంజన్‌ని సగం నీళ్లతో వదిలేయడం అన్నిటికన్నా చెడ్డది. నీళ్లూ గాలీ కలిసే గీత వెంబడి తుప్పు గుంటలు పడతాయి. నిండా నీళ్లు పోసి ఆక్సిజన్‌ని తినేసే మందు కలపడం ఒక దారి. పూర్తిగా దించేసి, చిన్న వెచ్చటి నిప్పుతో ఆరబెట్టి, లోపల రేకు పళ్లేల్లో గడ్డ సున్నం (నీళ్లు తగలని కాల్చిన సున్నం) పెట్టి ప్లగ్‌లు బిగించడం రెండోది. వానాకాలంలో ఈ రెండో దారి పట్టినవాళ్లు నెలకోసారి ఒక ప్లగ్ తీసి సున్నం చూడాలి. గడ్డలు విచ్చి పొడి అయిపోయి ఉంటే అది తేమ తాగడం పూర్తయింది, పళ్లెం మార్చి మళ్లీ బిగించాలి. ఎన్ని పళ్లేలు, ఎక్కడెక్కడ పెట్టారో ఇంజను క్యాబ్‌లో సుద్దతో రాసి ఉంచాలి. ఒక్క పళ్లెం లోపల మర్చిపోయి నీళ్లు నింపి నిప్పు పెడితే ఆ సున్నమంతా బాయిలర్ నీళ్లలో కలిసి, నురుగై, గేజ్ గ్లాసు మట్టం పైకీ కిందికీ ఎగురుతూ, సిలిండర్లలోకి నీళ్లు మోసుకుపోతుంది.